కారు తిన్నెకు రెండు బొక్కలు

మొన్న ఎండాకాలంలో మిడుతూరు నుంచి ఒక బ్యాంకు ఉద్యోగి నంద్యాలలోని మా షాపుకు తెల్ల అంబాసిడర్ ఒకటి తోలుకొచ్చాడు. వాళ్ల తాత వాడిన బండి. రంగు వేయించాడు, సీట్లు కుట్టించాడు, ఇంజను బాగు చేయించాడు, ఇక మిగిలింది పాటలే. డిక్కీలో పెట్టె పెట్టి అందులో బేస్ పలికే ఊఫరు బిగించడం ఇప్పుడు అందరూ చేసే పని. అతనికి అది వద్దట. వెనక సీటుకూ వెనక అద్దానికీ మధ్య ఉండే పలక మీద, తాత కాలంలో బిగించినట్టే, రెండు పెద్ద బేస్ స్పీకర్లు కావాలట. మా షాపులో పనిచేసే ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్లు ఎన్నడూ ఆ పలక కోసిన పాపాన పోలేదు. ఇక నేనే కుర్చీలోంచి లేచాను. మోకాళ్లు మాట వినే వయసు కాదు నాది. అయినా వెనక సీటు విప్పించి లోపలికి తల దూర్చాను. ఎండకు కాగిన రెక్సిను, తుప్పు, పెట్రోలు కలిసిన వాసన గుప్పుమంది. అంతా అలాగే ఉంది గానీ ఒక్క వాసన తక్కువైందనిపించింది. అది ఊరమిరపకాయల వాసన అని కాసేపటికి గానీ తట్టలేదు. అంబాసిడర్ అంటే మిరపకాయల వాసన రావాలనుకునే మనిషిని ఈ భూమ్మీద బహుశా నేనొక్కదాన్నే.

మాది ఆళ్లగడ్డ. నాయన దేవదానం టాక్సీ తోలేవాడు. ఏదో సర్కారు ఆఫీసువాళ్లు అరిగిపోయేదాకా తిప్పి వేలం వేసిన అంబాసిడర్ మాది. అమ్మ ఆసుపత్రిలో ఆయా. పొద్దున్నే పోతే మళ్లీ ఎప్పుడొచ్చేదో ఆమెకే తెలిసేది కాదు. ఇల్లు నడిపింది నాయన తల్లి, మా అవ్వ కరుణమ్మ. మనిషి పొట్టి, మాట అంతకంటే పొట్టి. లేస్తూనే పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టెలు తడుతూ ప్రార్థన చేసుకునేది. లోకంలో ఉన్న రోగులనూ, దిక్కులేనివాళ్లనూ దేవుడికి అప్పజెప్పేటప్పుడు చేతులు ఆగేవి కావు. మా పేర్లు వచ్చినప్పుడు మాత్రం రొట్టె తట్టడం ఆపేది. నేను దుప్పట్లో పడుకునే ఆ చప్పుడు ఎప్పుడు ఆగుతుందా అని వింటూ ఉండేదాన్ని. ఆగగానే, ఇది నాయన పేరు, ఇది అమ్మ పేరు, ఇది నాది అని లెక్కేసుకుని అప్పుడు లేచేదాన్ని. రొట్టె కాలిన వాసన, కట్టెల పొగ, దానిలోకి నూరిన వేరుశనగ బుడ్డల కారం, ఇవన్నీ కలిస్తే మా ఇంట్లో తెల్లవారినట్టు.

అవ్వకు ఏదో ఒకటి ఎండబెట్టకపోతే పొద్దు గడిచేది కాదు. మజ్జిగలో ఊరేసిన మిరపకాయలు, గోరుచిక్కుడు వరుగులు, టమాటా ముక్కలు, సగ్గుబియ్యం వడియాలు, ఏ కాలానికి ఆ సరుకు. మిద్దె మీద ఎండేస్తే కోతులతో వేగలేం. మా వైపు కోతులకు భయమూ లేదు భక్తీ లేదు. ఒక ఏడాది చాటతో సహా ఎత్తుకుపోయి, మిరపకాయ కొరికి, ఆ కోపం పక్కింటి పెంకుల మీద తీర్చుకున్నాయి. ఆ మరునాడే అవ్వ కళ్లు కారు వెనక అద్దం మీద పడ్డాయి. పైన అద్దం, కింద పలక, నిండా ఎండ. తలుపులు వేస్తే కోతి కాదు గదా చీమ కూడా దూరదు. పలక మీద తెల్లగుడ్డ పరిచి మిరపకాయలు పోసింది. దానికి కారు తిన్నె అని పేరు కూడా పెట్టింది. ఇంటి ముందు తిన్నె కట్టించమని నాయనను ఏళ్లుగా అడిగి విసిగిపోయిన మనిషి, దొరికిన తిన్నెను ఎందుకు వదులుతుంది?

ఇక నాయన పాట్లు చెప్పనలవి కాదు. స్టాండులో బండిని ఎప్పుడూ వెనక వైపు ఎండకు పెట్టి నిలపాలి. పొద్దు వాలేకొద్దీ తిప్పాలి. తోటి డ్రైవర్లు మా బండికి పొద్దుతిరుగుడు పువ్వు అని పేరు పెట్టారు. అహోబిలానికో మహానందికో పోయే యాత్రికులు వెనక సీట్లో కూర్చుని మెడ తిప్పితే చాటెడు మిరపకాయలు కనిపించేవి. కొందరు తుమ్మేవాళ్లు, కొందరు ఆకలేస్తోంది అనేవాళ్లు. ఒక పెళ్లివారి పెద్దావిడ అయితే అహోబిలం దాకా నాయనను వడియాల పిండి కొలత అడుగుతూనే ఉందట. కొండ దగ్గర కోతులు వెనక అద్దానికి అవతల కూర్చుని, చేతులు ఆనించి, సరుకును కళ్లతోనే తినేవి. నాయన విసుక్కునేవాడు, గొణుక్కునేవాడు, సాయంత్రం ఇంటికొచ్చాక మాత్రం గుడ్డ నాలుగు మూలలూ పట్టుకుని ఒక్క మిరపకాయ కింద పడకుండా దించేవాడు. తల్లి మాటకు ఎదురు చెప్పిన పాపం ఆయన ఖాతాలో లేదు.

నేను నంద్యాల ఐటీఐలో రేడియో, టీవీ మరమ్మతు నేర్చుకున్నాను. తరగతిలో ఆడపిల్లలు ఇద్దరం, రెండో ఆమె మధ్యలోనే పెళ్లయి వెళ్లిపోయింది. బస్టాండు నుంచి ఐటీఐకి నడిచే దారిలో మస్తానన్న షాపు ఉండేది. కార్లకు టేపులూ స్పీకర్లూ బిగించే షాపు. ఆ రోజుల్లో పెళ్లి బండి అంటే పూలు లేకపోయినా సరే గానీ, బేస్ లేకపోతే ఎక్కేవాళ్లు కాదు. ఆయన షాపు ముందు నిలబడితే పాదాల కింద నేల అదిరేది. రేడియోలో పాట చెవితో విన్నాను గానీ, పాట ఒంట్లోకి వస్తుందని నాకు అక్కడే తెలిసింది. చదువు అయిపోయిన వారమే వెళ్లి పని అడిగాను. ఆడపిల్లవు అన్న మాట ఆయన నోట రాలేదు. ఆ ఒక్కదానికి ఈ రోజుకీ ఆయనకు దండం పెడతాను. ఆయన అడిగింది వేరు.

"సర్టిఫికెట్టు నాకెందుకు పాపా," అన్నాడు. "ఒక బండికి వెనక పలక కోసి, నీ చేత్తోనే స్పీకర్లు బిగించి తీసుకరా. నా చెవికి నచ్చితే మరుసటి దినం నుంచి పనిలోకి వచ్చేయ్."

ఏదో పాత బండిలోంచి విప్పిన రెండు ఊఫర్లూ, ఒక యాంప్లిఫయరూ నమ్మి చేతికిచ్చి పంపాడు. సోమవారానికల్లా తెచ్చి చూపించాలి. స్పీకర్లయితే దొరికాయి, బండి ఎవరిస్తారు? కోయాల్సింది మా బండినే. అందులోనూ కోయాల్సింది అవ్వ తిన్నెనే.

నాయన వెంటనే కాదనలేదు. బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు, చక్రాన్ని కాలితో తన్ని చూశాడు, ఏ సంబంధమూ లేకపోయినా బానెట్టు ఎత్తి చూశాడు. బండి మన కూడు, బొక్క పెట్టినాక పూడ్చలేం అన్నాడు. శుక్ర, శనివారాలు బాడుగలు మానుకుంటానని, స్పీకర్లు పలకకపోతే మాత్రం నేను మారు మాట్లాడకుండా బేతంచెర్లకు పోవాలని షరతు పెట్టాడు. అక్కడ మా పెద్దమ్మ చిన్నపిల్లల బడి నడుపుతోంది, మనిషి కావాలని ఏడాదిగా కబురు చేస్తోంది. నాకు పిల్లలంటే కోపం లేదు. రోజంతా వాళ్ల ముక్కులు తుడుస్తూ ఉండే బతుకంటేనే భయం. సరే అన్నాను. ఇక మిగిలింది అవ్వ. ఆమెను ఎలా అడగాలా అని పొద్దంతా మాటలు కూడబెట్టుకున్నాను. తీరా అడిగితే ఆమె లేచి, చాటలో మిరపకాయలు ఎత్తి, గుడ్డ దులిపి మడతపెట్టుకుంది. "ఎండ యాడైనా ఉంటాది," అంది. అంతే. వాదించడానికి సిద్ధమై వెళ్లినదాన్ని, సుద్దముక్క వెతుక్కోవడానికి లేచాను.

పలక కింద రేకు ఉంటుంది. దాని మీద సుద్దతో రెండు గుండ్రాలు గీసుకుని, గీత వెంబడి చేతి డ్రిల్లుతో పక్కపక్కనే చిల్లులు పెట్టుకుంటూ పోవాలి. చిల్లులన్నీ కలిశాక హ్యాక్‌సా బ్లేడు ముక్కకు గుడ్డ చుట్టి కోయాలి. మొదటి చిల్లు పడగానే నాయన అక్కడ నిలబడలేక పాస్టరు గారితో మాట్లాడాలని వెళ్లిపోయాడు. ఊరికే పోలేదు, చర్చిలో విరిగిన బెంచీ పలక ఒకటి అడిగి భుజాన వేసుకొచ్చాడు. వెనక అట్ట పలక పీకేసి, దాని స్థానంలో ఆ టేకు పలక వేశాను. ఎన్నో ప్రసంగాలు విన్న పలక, పాటలు మోయలేదా అన్నాడు నాయన. కదిలే ప్రతి రేకు కిందా సైకిల్ ట్యూబు ముక్కలు దూర్చాను. డిక్కీకీ సీటుకూ మధ్య ఖాళీలు మూయకపోతే స్పీకరు ముందు గాలీ వెనక గాలీ కలిసిపోయి బేస్ చచ్చిపోతుందని మస్తానన్న షాపు ముందు నిలబడే నేర్చుకున్నాను. దేనితో మూయాలా అని చూస్తుంటే అవ్వ లోపలి నుంచి తన బొంత తెచ్చింది. పాత చీరలన్నీ కలిపి ఏళ్ల కిందట కుట్టుకున్నది, ఆమె కప్పుకునేది అదొక్కటే. వద్దన్నాను. చలి వచ్చేనాటికి ఇంకొకటి కుడతానని చెప్పి, తానే డిక్కీలోకి వంగి మూలమూలకూ దూర్చింది.

శుక్రవారం సాయంత్రానికి ఒక స్పీకరు బిగించాను. క్రిస్మస్‌కు మా చర్చివాళ్లు పాడి రికార్డు చేసిన క్యాసెట్టు ఉంది, అందులో డోలక్ వాయించింది నాయనే. బండిలోని పాత టేపులో అది పెట్టాను. డోలక్ దమ్ముమంటూ వచ్చింది. వీధిలో వాళ్లు వచ్చి బండి మీద చెయ్యి పెట్టి చూసి పోయారు. ఒక్కదానికే ఇట్లుంటే రెండోది కూడా పెడితే ఊరు లేచి వస్తుందని నాయన అందరికీ చెప్పుకున్నాడు. నా కాళ్లు నేల మీద లేవు. ఆ గర్వంలోనే నాకొక గొప్ప ఆలోచన వచ్చింది. స్పీకరుకు రెండు తీగలుంటాయి, ప్లస్సు, మైనసు. రెండు స్పీకర్లకూ ఒకే రకంగా కలిపితే రెండూ ఒకేసారి పైకి లేస్తాయి, ఒకేసారి కిందికి దిగుతాయి. అరిగిపోయిన రేకు, రెండూ కలిసి ఒకేసారి గుద్దితే ఎక్కడ చిరుగుతుందో అని నా భయం. అవ్వా, ఆమె తోడికోడలూ ఒకే రోట్లో కొర్రలు దంచడం చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. ఒకరి రోకలి పైకి లేస్తే ఒకరిది కిందికి దిగుతుంది. దెబ్బ ఆగదు, రోలు అదరదు, ఇద్దరికీ అలుపు తక్కువ. స్పీకర్లు కూడా అలాగే వంతులు వేసుకుంటే రేకుకూ మేలు, పాటకూ మేలు అనుకున్నాను. రెండోదానికి కావాలనే తీగలు తారుమారు చేసి, సీసం కరిగించి సోల్డరు పెట్టాను. ఐటీఐలో మాకు విప్పి చూపించిన రేడియోల్లో ఉన్నది ఒక్కో స్పీకరే. అది తప్పని చెప్పే అవసరం అక్కడ ఎవరికీ రాలేదు.

శనివారం మధ్యాహ్నం అదే క్యాసెట్టు మళ్లీ పెట్టాను. పాడేవాళ్ల గొంతులు వచ్చాయి, తాళాలు వచ్చాయి, డోలక్ రాలేదు. ఎవరో నాయనను మధ్యలో లేపి పంపించేసినట్టు ఉంది. శబ్దం పెంచాను, గొంతులు అరుపులయ్యాయి గానీ డోలక్ మాత్రం లేదు. నిన్న వచ్చిన వీధివాళ్లే మళ్లీ వచ్చి, ఒక్కటి పలికి రెండు పలకకపోవడం ఏమిటని వాళ్లలో వాళ్లే మాట్లాడుకుంటూ వెళ్లిపోయారు. రెండో స్పీకరు చెడిపోయిందేమోనని విప్పి చూశాను, బాగానే ఉంది. బొంత సర్దాను, మరలు బిగించాను, యాంప్లిఫయరు మీటలు మార్చి మార్చి చూశాను. తీగల జోలికి మాత్రం పోలేదు. అది నా తెలివితేటల పని, అందులో తప్పుంటుందని ఎలా అనుకుంటాను? నాయన తిట్టి ఉంటే బాగుండేది. రేకులో నేను కోసిన బొక్కల అంచును వేలితో తడిమి, ఆ వేలు చూసుకుని, ఇంట్లోకి వెళ్లిపోయాడు. ఆయన బండిని పాడు చేశానన్న బాధ ముందు బేతంచెర్ల భయం కూడా చిన్నదైపోయింది.

ఆదివారం చర్చిలో నేనేం విన్నానో నాకు గుర్తు లేదు. భోజనాలయ్యాక, ఊరికే ఉండలేక, టార్చిలైటు సెల్లు ఒకటి తీసుకుని యాంప్లిఫయరు నుంచి ఊడదీసిన, రెండు స్పీకర్లకూ పోయే తీగలకు ఆనించి చూస్తున్నాను. సెల్లు తగిలినప్పుడు స్పీకరు అట్ట కొంచెం కదిలితే అది బతికే ఉన్నట్టు. అవ్వ బండి తలుపు తెరిచి, సీటు అంచున కూర్చుని, ఒళ్లో చాట పెట్టుకుని చింతపండులో గింజలు ఏరుతోంది. ఏరుతూ ఏరుతూ చెయ్యి ఆపింది.

"అదేంది, అది పైకి లేస్తే ఇది కిందికి పోతాండాది?"

నేనే అలా పెట్టానని, వాళ్లు రోట్లో దంచేటట్టు వంతులు వేయించానని చెప్పాను. ఆ నిరాశలో కూడా ఆ మాట కొంచెం గొప్పగానే చెప్పినట్టున్నాను. అవ్వ చాట పక్కన పెట్టింది. నవ్వలేదు.

"రోట్లో వంతులేసుకునేది ఎందుకనుకున్యావ్? రోకళ్లు ఒకదానికొకటి కొట్టుకోకుండా. అది చప్పుడుకు గాదు పాపా. ఇవి యాడ కొట్టుకుంటాయి? దీని గాలి అది మింగుతాండాది. రెండిటినీ ఒకేతూరి పైకి లెయ్యమను."

ఆమెకు ప్లస్సు తెలియదు, మైనసు తెలియదు. రోకలి ఎందుకు లేస్తుందో తెలుసు, ఎందుకు దిగుతుందో తెలుసు. ఏళ్ల తరబడి ఆ పని చూస్తూ నేను చూసింది దాని అందం, ఆమెకు తెలిసింది దాని కారణం. సోల్డరు కరిగించి తీగలు మార్చడానికి ఎంతసేపు, అయిదు నిమిషాలు పట్టలేదు. క్యాసెట్టు పెట్టాను. మొదటి దెబ్బకే డోలక్ వచ్చింది. వచ్చింది అంటే చాలదు, వెన్నులో కొట్టింది. దాంతో పాటు ఏళ్లుగా రేకు సందుల్లో పేరుకున్న మిరపపొడి అంతా లేచింది. నేను తుమ్మాను, అవ్వ తుమ్మింది, లోపలి నుంచి పరుగెత్తుకొచ్చిన నాయన తలుపు దగ్గరే నిలబడి వరసగా తుమ్మాడు. ముగ్గురి కళ్లలోనూ నీళ్లు. అందులో మిరపపొడికి ఎంత, సంతోషానికి ఎంత అని ఎవరూ విడదీయలేరు. నాయన కళ్లు తుడుచుకుంటూ, తాను ఇంత గట్టిగా వాయిస్తానా అని అవ్వను అడిగాడు. గట్టిగానే వాయిస్తావు, అందుకే పాస్టరు గారు నిన్ను గుమ్మం దగ్గర కూర్చోబెడతారు అందామె.

సోమవారం ముగ్గురం నంద్యాలకు పోయాం. అవ్వకు కంటి ఆసుపత్రిలో పని ఉందని నాయన ఆమెనూ ఎక్కించుకున్నాడు. మస్తానన్న బండి ఎక్కి ముందు సీట్లో కూర్చున్నాడు, అద్దాలు ఎత్తించి, కళ్లు మూసుకుని పాట సగం దాకా విన్నాడు. దిగి డిక్కీ తెరిచాడు. తల లోపల పెట్టి చాలాసేపు చూశాడు. బొంతను వేలితో నొక్కి చూశాడు, సోల్డరు చూశాడు. తర్వాత చెయ్యి దులుపుకుని నన్ను అడిగాడు.

"మొదటి తూరికే పలికిందా?"

"పలికిందన్నా," అన్నాను.

ఎందుకు అలా అన్నానో ఇప్పటికీ చెప్పగలను. భయం. ముందు పలకలేదు అంటే, మరి ఎలా సరిచేశావు అంటాడు. మా అవ్వ చెప్పింది అంటే, నీ చేత్తో చేసి తెమ్మన్నాను కదా అంటాడు. అప్పుడు బేతంచెర్లే. అవ్వ వెనక సీట్లో, ఆ స్పీకర్ల ముందే కూర్చుని ఉంది. బయటికి చూస్తోంది. ఒక్క మాట అనలేదు. మస్తానన్న తలూపి, రేపటి నుంచి రమ్మన్నాడు. నాయన ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. నేను మాత్రం అవ్వ వైపు చూడలేకపోయాను. తిరుగుదారిలో నాయన పెట్రోలు బంకు దగ్గర దిగినప్పుడు, మెల్లగా అన్నాను, అవ్వా, అబద్ధం చెప్పినా అని. నాతో ఎందుకు చెప్తాండావ్, ఆయప్పకు చెప్పు అంది. కోపంగా అనలేదు. తాను చెప్పిన ఉపాయం నాదేనట, అబద్ధం మాత్రం మస్తానన్నకు చెప్పింది కాబట్టి ఒప్పుకోవాల్సింది ఆయన దగ్గరేనట. ఆ తర్వాత ఆ సంగతి మా మధ్య మళ్లీ ఎప్పుడూ రాలేదు. ఆమె గుర్తు చేయలేదు, నేను చెప్పలేదు.

మస్తానన్న దగ్గర పనిచేసింది కొన్నేళ్లే గానీ, ఈ రోజు వరకూ నేను తిన్న ప్రతి ముద్దా అక్కడ నేర్చుకున్న పనితోనే వచ్చింది. నా పెళ్లీ, ఇల్లూ, సొంత షాపూ, ఇద్దరు పిల్లల చదువూ అన్నీ అందులోనే ఉన్నాయి. ఆ పని రావడానికి అవ్వ ఇచ్చినవేమిటో మాత్రం నాకు మెల్లమెల్లగా తెలిసింది. ఆదివారాలు ఇంటికి పోయినప్పుడు ఆమె మిద్దె మీద ఉండేది. నెత్తిన తడిగుడ్డ, చేతిలో కట్టె, చాట పక్కన కూర్చుని కోతులను అదిలిస్తూ. ఎండ యాడైనా ఉంటాది అన్న మాట నిజమే. కాపలా మాత్రం ఎక్కడంటే అక్కడ ఉండదు. ఆ తిన్నె పోయాక ఆమె ఎండలో కూర్చున్న గంటలన్నీ నా వంతు ఎండ. ఆ చలికాలం కొత్త బొంత కుట్టింది గానీ పాతదానంత మందంగా రాలేదని అమ్మ తర్వాతెప్పుడో చెప్పింది. ఒక్కసారి కూడా అవ్వ నోట ఆ ప్రస్తావన రాలేదు. నేను నవ్వుతూ బతకడమే ఆమెకు చాలినట్టుంది.

ఇప్పుడు బండ్లన్నీ కంపెనీ నుంచే పాటలతో వస్తాయి. వెనక పలక చాలా బండ్లలో అసలు లేనే లేదు, ఉన్నా ప్లాస్టిక్కు. కుర్రాళ్లు ఫోను ముందు పెట్టి, తెర మీద గీతలు చూసి బేస్ సరిపోయిందని చెబుతారు. తప్పు పట్టను, ఆ గీతలు నిజమే చెబుతాయి, నా చెవి కంటే బాగా కూడా చెబుతాయి. వరుగులూ వడియాలూ ప్యాకెట్లలో దొరుకుతున్నాయి, వాటికోసం ఏ ముసలమ్మా కోతులతో పోట్లాడనక్కర్లేదు. ఇది మంచికే. పాతకాలమే గొప్పదని నేను అనను. ఆ కాలంలో నాకొక గొప్ప మనిషి ఉండింది, అంతే తేడా. మిడుతూరు బండి పలకను నేనే కోశాను, రెండు స్పీకర్ల తీగలూ ఒకే రకంగా కలిపాను. అతను సంతోషంగా తోలుకుపోయాడు. నాకు మాత్రం ఆ సాయంత్రం అన్నం సయించలేదు. ముప్పై ఏళ్లకు పైగా ఒక మనిషి పని నాది అని చెప్పుకుని తిరుగుతున్నానే అనిపించింది. అవ్వ పోయి చాలా కాలమైంది. మస్తానన్న ఇంకా ఉన్నాడు.

మరుసటి రోజు పొద్దున్నే ఆయన ఇంటికి వెళ్లాను. షాపు ఎప్పుడో మూసేశాడు. ఎన్ని వేల స్పీకర్లు విన్నాయో ఆ చెవులు, ఇప్పుడు ఒకటి అసలు వినిపించదు, రెండోదానికి దగ్గరగా చెప్పాలి. కోడలు టీ తెచ్చిచ్చి లోపలికి వెళ్లింది. నేను కుర్చీ దగ్గరికి జరుపుకుని, ఆ మంచి చెవిలో గట్టిగా చెప్పాను. అన్నా, మొదటి దినం నీతో అబద్ధం చెప్పినా, మొదటి తూరికి పలకలేదు, తీగలు తారుమారు చేసినా అని. ఆయన టీ తాగడం ఆపలేదు.

"అది నాకప్పుడే తెలుసు," అన్నాడు. "ఒక స్పీకరుకు సోల్డరు రెండుతూర్లు పెట్టిన మచ్చ ఉండె. తప్పు చెయ్యనోళ్లు నాకెందుకు? చేసినంక యాడ చేసినామో ఎతుక్కునేటోళ్లు కావల్ల. అందుకే రమ్మన్యా. నువ్వే చెప్తావని చూస్తాండా, ఇన్నేండ్లకు చెప్పినావ్."

గుండె ఒక్కసారిగా తేలికపడింది, మరుక్షణమే రెండింతలు బరువెక్కింది. ఆయన నన్ను మెచ్చిందే ఆ మచ్చను చూసి. ఆ మచ్చ కూడా నాది కాదు. ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. ఎతికింది నేను కాదన్నా, మా అవ్వ అని చెప్పాను. రోకళ్ల సంగతంతా చెప్పాను. ఆమె ఆ రోజు వెనక సీట్లోనే కూర్చుని ఉందని, అంతా వింటూ ఏమీ అనలేదని చెప్పాను. సగం ఆయనకు వినిపించలేదు, మళ్లీ మొదటి నుంచి చెప్పాల్సి వచ్చింది. ఆయన గ్లాసు కింద పెట్టాడు. ఆ ముసలావిడ ముఖాన్ని గుర్తు తెచ్చుకుంటున్నాడని అర్థమైంది.

"అయితే నేను తప్పు మనిషిని పనిలో పెట్టుకున్యా," అన్నాడు.

అవునన్నా అన్నాను. ఆయనకు వినిపించేటట్టు, గట్టిగా. ఇద్దరం ఒకరినొకరు చూసుకుని నవ్వడం మొదలుపెట్టాం, ఎంతకీ ఆపలేకపోయాం. ఏమైందోనని కోడలు వంటింట్లోంచి వచ్చి చూసేసరికి ఇద్దరం కళ్లు తుడుచుకుంటున్నాం.